పెదాలు కదలని గది

మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చున్న పిల్ల పెదాలు కదులుతున్నాయి. పెర్సిస్ చూసింది, చూడనట్టు బోర్డు వైపు తిరిగింది, బోర్డు మీద పొద్దున తను రాసిన పరీక్ష పేరూ తేదీ తప్ప చూడటానికి ఇంకేమీ లేదు కనక మళ్ళీ ఇటే తిరిగింది. కదులుతూనే ఉన్నాయి. మాట పైకి రావడం లేదు, వచ్చినా ఫ్యాను గరగరలో కలిసిపోతోంది, కానీ పెన్ను ఆగినప్పుడల్లా ఎడమచేతి చూపుడువేలు బెంచీ చెక్క మీద మెల్లగా తాళం వేస్తోంది, తల ఒక పక్కకి కొంచెం వాలుతోంది, పెదాలు దేన్నో అందుకుంటున్నాయి, అంతలో పెన్ను మళ్ళీ పరుగు తీస్తోంది. అయ్యో తల్లీ, నువ్వూనా, అనుకుంది పెర్సిస్. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు, ఇవాళ జీవశాస్త్రం, ఏలూరు పవర్‌పేట రైలుకట్టకి దగ్గర్లో ఉన్న సెంటరు. తను సోషల్ టీచరు కాబట్టి సైన్సు పరీక్ష రోజున ఇక్కడ డ్యూటీ పడింది. తను పాఠాలు చెప్పే హైస్కూలు కొల్లేటి లంకలో ఉంది, అక్కడి పిల్లలందరికీ కైకలూరు సెంటరు. అక్కడ కూడా సరిగ్గా ఇదే సమయం, ఇదే పేపరు, ఇదే గుండె బొమ్మ. అక్కడ కూడా ఒక పిల్ల పెదాలు ఇలాగే కదులుతూ ఉంటాయి. ఆ పిల్ల పేరు దివ్య. ఆ పెదాలకి ఆ అలవాటు చేసింది పెర్సిసే.

ఫోను ఉంటే బాగుండును. ఫోన్లన్నీ పొద్దున్నే సెంటరు ఛీఫ్ గారి గదిలో అట్టపెట్టెలో పడేశారు, పరీక్ష అయ్యేదాకా వాటి మొహం చూడటానికి లేదు. ఉన్నా మాత్రం ఎవరికి చేస్తుంది, ఏమని చెబుతుంది? ఏవండీ, మీ గదిలో సోమరాజు గారమ్మాయి దివ్య అని ఉంటుంది, అది పెదాలు కదుపుతుంది, అది కాపీ కాదండీ, దాని చదువే అంతండీ, అనా? విన్నవాళ్ళు నవ్వుతారు. నవ్వి ఊరుకుంటే అదృష్టమే, ఓహో అలాగా అని ఆ పిల్ల మీదే ఓ కన్నేసి ఉంచుతారు. పరీక్షలకి ముందు హెడ్మాస్టరు జోగారావు గారితో ఈ మాట అననే అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "లేనిపోని అనుమానం మనమే పెట్టినట్టవుద్దమ్మా. చెప్పకపోతే ఎవరు చూస్తారండీ? ఊరుకోండి" అన్నారు. ఊరుకుంది. లోకంలో ఊరుకోవడమంత తేలికైన పని ఇంకోటి లేదు, పైవాళ్ళు ఊరుకోమంటే అది మరీ తేలిక. ఇప్పుడు ఈ గదిలో బెంచీల మధ్య అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ నడుస్తుంటే మాత్రం ఆ ఊరుకోవడమే అడుగడుగునా గుర్తొస్తోంది. దేవుడా, ఆ పిల్ల గదిలో ఎవరున్నారో, మంచివాళ్ళే ఉన్నారో, భయస్థులు ఉన్నారో. మంచివాళ్ళకంటే భయస్థులే ఎక్కువని తన సంగతి తెలిసిన పెర్సిస్‌కి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

తొమ్మిదిలోకి వచ్చేనాటికి దివ్యని చిల్లుకుండ అనేవాళ్ళు స్టాఫ్‌రూములో. చదవడం రాకపోవడం కాదు. అక్షరాలు తెలుసు, కూడబలుక్కుని చదువుతుంది, పేజీ కిందికి వచ్చేసరికి పైన ఏముందో ఉండదు. ఎన్నిసార్లు పోసినా అంతే. లెక్కల మాస్టారు "దీని బుర్రనిండా కొల్లేటి బురదేనండీ" అనేవారు, అందరూ నవ్వేవాళ్ళు, పెర్సిస్ కూడా నవ్వే ఉంటుంది. ఒకరోజు భోజనాలయ్యాక సైకిల్ స్టాండు వెనక నుంచి పిల్లల నవ్వులు విరగబడి వినిపిస్తుంటే, ఏం వెధవ్వేషాలో చూద్దామని బెత్తం పట్టుకునే వెళ్ళింది. వెళ్ళి చూస్తే ఏముంది, దివ్య రాయెక్కి నిలబడి అందరు టీచర్ల పాఠాలూ చెప్పేస్తోంది. లెక్కల మాస్టారి ముక్కుగొంతు, హిందీ మేడమ్ సాగదీత, ఆ తరవాత పెర్సిస్. ఆ పొద్దున తను చెప్పిన రుతుపవనాల పాఠం మొదటి మాట నుంచి చివరి మాట దాకా, మధ్యలో తను దగ్గిన చోట దగ్గి, వెనక బెంచీవాణ్ణి కసిరిన చోట కసిరి, ఒక్క ముక్క జారనివ్వకుండా. చిల్లుకుండేమిటి, ఖర్మ! మనం పోస్తున్నది మూత మీద, మూతి ఎక్కడుందో చూసుకోకుండా తిట్టింది కుండని. కొట్టడానికి వెళ్ళినావిడ బెత్తం వెనక్కి దాచుకుని గోడ చాటున నిలబడి కళ్ళు తుడుచుకుంది. పిల్లలు చూసి హడలిపోయి పారిపోయారు.

అప్పుడే నాయనమ్మ హన్నమ్మ గుర్తొచ్చింది. మిషను కాలం నాటి పెంకుల గుళ్ళో ముందు వరస చాప మీద కూర్చునేది, అక్షరం ముక్క రాదు. కానీ కీర్తన ఏదైనా సరే, పుస్తకం పట్టుకున్నవాళ్ళు తడబడేవాళ్ళు గానీ ఆవిడ తడబడేది కాదు. ఆ రోజుల్లో గుళ్ళో చదువొచ్చినవాళ్ళు ఏ నలుగురో, మిగతా సంఘమంతటికీ ఉపదేశిగారు చరణం అందించేవారు. ముందు ఆయన మాటలు గబగబా చెప్పేస్తారు, వెంటనే అందరూ దాన్ని రాగంలో ఎత్తుకుంటారు, అది దిగేలోపు ఆయన తరవాతి ముక్క అందిస్తారు. కళ్ళతో పనిలేని చదువు. మర్నాడు పెర్సిస్ క్లాసులో పుస్తకం మూసేసి నదుల పాఠం అలాగే అందించింది, పిల్లలు మొదట ముసిముసిగా నవ్వారు, తరవాత ఎత్తుకున్నారు, ఆ రొదకి పక్క క్లాసు మాస్టారు గుమ్మంలోకి వచ్చి "ఏవండీ, ఇది స్కూలా, ప్రార్థన కూటమా?" అన్నారు. అందరికంటే పైన దివ్య గొంతు. ఆ తరవాత ఆ పిల్ల ఇక పెర్సిస్ కోసం ఆగలేదు. సైన్సూ ఫిజిక్సూ అన్నీ తనే వరసలు కట్టుకుంది, వాళ్ళ నాయనమ్మ సుబ్బాయమ్మ పాడే అట్లతద్ది ఉయ్యాల పాటలో గుండె పాఠాన్ని కూర్చింది. రైట్ ఏట్రియం, రైట్ వెంట్రికిల్, ఊఁ అంటే ఊపిరితిత్తుల్లోకి, మళ్ళీ ఊఁ అంటే వెనక్కి. ఇంగ్లీషు మీడియం పుస్తకం ఉయ్యాలెక్కి ఊగింది. ఆ వేసవిలోనే ఏలూరులో ట్రైనింగు పెట్టి తెర మీద బొమ్మలు వేసి చూపించారు, కంటితో నేర్చుకునే పిల్లలు, చెవితో నేర్చుకునే పిల్లలు, చేత్తో చేసి నేర్చుకునే పిల్లలు అని. మా హన్నమ్మ పద్ధతికి ఇంత పెద్ద పేరుందా అని పెర్సిస్ ఉబ్బి తబ్బిబ్బయింది. లేచి ఒక్క మాట అడిగి ఉండాల్సింది. నేర్చుకోవడానికి ఇన్ని దార్లున్నాయే, మరి పరీక్ష రాయడానికి ఒక్కటే దారేమిటండీ, అని. అడగలేదు, మధ్యాహ్నం భోజనంలో పులిహోర బాగుందని చెప్పుకుంటూ ఇంటికి వచ్చేసింది.

ఫ్యాను కింద ఎవరి కాగితమో రెపరెపలాడింది. పెర్సిస్ వెళ్ళి దాని మీద అట్ట పెట్టింది. ఇంతమంది తలలు వంచుకుని రాస్తున్నారే, ఎవరు ఎందుకు రాస్తున్నారో ఎవరికి తెలుసు? ఒకళ్ళు బెత్తానికి చదువుతారు, ఒకళ్ళు మార్కులొస్తే కొనిస్తానన్న ఫోనుకి చదువుతారు, మేనత్త కొడుక్కంటే ఒక మార్కు ఎక్కువ తెచ్చుకోవాలని చదివేవాళ్ళున్నారు, ఇంట్లో తాగుబోతు తండ్రి అరుపులు వినపడకుండా ఉండటానికి పుస్తకంలో తల దూర్చేవాళ్ళున్నారు. తన క్లాసులోనే వంశీ అని ఒకడు, వాడికి చదువు మీద ఆశా లేదు, కోపమూ లేదు, స్కూలుకొస్తే కబడ్డీ ఆడొచ్చు కాబట్టి వచ్చేవాడు, కబడ్డీ ఆపేసి ఆ పీరియడ్‌లో కూడా లెక్కలు పెట్టించిన రోజు నుంచి చేపల చెరువు మీద మేత చల్లే పనికి పోయాడు. మళ్ళీ రాలేదు. అదీ వందశాతం ఫలితాల కోసమే. జోగారావు గారికి వందశాతం కావాలి, ఆయన పైవాళ్ళకి వందశాతం కావాలి, పిల్లలకి ఏం కావాలో అడిగే పీరియడ్ టైం టేబుల్లో ఎక్కడా లేదు. దివ్యని మాత్రం పెర్సిస్ ఒకసారి అడిగింది. తీరిగ్గా, వరండా మెట్ల మీద కూర్చోబెట్టుకుని. "తాడేపల్లిగూడెం అవతల తోటల కాలేజీ ఉందంటగదండి మేడమ్, టెన్త్ పాసైతే తీసుకుంటారంట. మాకు ఎటు చూసినా నీళ్ళేనండి. నీళ్ళు చూసీ చూసీ విసుగొచ్చేసిందండి. నాకు చెట్లు పెంచాలనుందండి" అంది. ఆ మాట అన్నప్పుడు ఆ పిల్ల మొహం చూసి తీరాలి.

అదే ఆశ, దాని పక్కనే భయం. పాసైతే తాడేపల్లిగూడెంలో మేనత్త ఇంట్లో ఉంచి చదివిస్తానని సోమరాజు మాటిచ్చాడు, తప్పితే రొయ్యల షెడ్డు. తెల్లారకముందే లంకకి వ్యాను వస్తుంది, ఆడపిల్లల్ని ఎక్కించుకుపోతుంది, పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి రొయ్యల తలలు తియ్యడమే పని. దివ్య అక్క అందులోనే ఉంది. పెర్సిస్ ఒకసారి వాళ్ళింటికి వెళ్తే ఆ అక్క మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది, గ్లాసు పట్టుకున్న ఆ వేళ్ళు చూడలేకపోయింది, నానిపోయి, తెల్లగా పాచిపట్టి, గోళ్ళ చుట్టూ చీలికలు. "సబ్బెట్టి ఎంత తోమినా వాసన పోదండి" అంది ఆ అమ్మాయి తనే, ఎవరూ అడగకుండానే. సోమరాజు చెడ్డవాడేమీ కాదు, ఒక్కగానొక్క మాట తేల్చి చెప్పాడు. "నాకు చదువు తెలవదండి మేడమ్. మీరు పాసవుద్దంటే ఆపుతానండి, అవ్వదంటే ఇప్పుడే చెప్పేయండి." పెర్సిస్ ఏమందంటే, అవుతుందండీ, నాదీ పూచీ అంది. ఎంత ధీమాగా అంది! నోటికి హద్దూ అదుపూ ఉండక్కర్లేదా మనిషికి?

"మేడమ్" అన్నాడు మూడో బెంచీకి ఇవతల వరసలో కూర్చున్న కుర్రాడు, చెయ్యెత్తి. ఏదో ప్రైవేటు స్కూలు పిల్లాడు, ఇస్త్రీ మడతలు చెదరని చొక్కా. "ఆ అమ్మాయి సౌండ్ చేస్తందండి. నేను డయాగ్రమ్ మర్చిపోతన్నానండి." కోపంగా అనలేదు, ఏడుపు గొంతుతో అన్నాడు. పాపం వాడి తప్పేముంది, వాడికి నిశ్శబ్దం ఉంటేనే వస్తుంది, ఈ పిల్లకి నిశ్శబ్దంలో ఏదీ రాదు, ఇద్దర్నీ తెచ్చి ఒకే గదిలో పడేసి కానివ్వండి అన్నాం. పెర్సిస్ కిటికీ దగ్గరికి వెళ్ళి హాల్ టికెట్ చూసింది. షారోన్. వంగి, "నెమ్మదమ్మా, నెమ్మది" అంది. దగ్గరికి వెళ్ళాక వరస అందింది. మొన్న మట్టలాదివారం పిల్లలు కొమ్మలు పట్టుకుని వీధుల్లో పాడుకుంటూ వెళ్ళిన కీర్తన వరస అది, చరణాల్లో మాత్రం మూత్రపిండాలూ నెఫ్రాన్లూ. ఏ ఊళ్ళో ఏ మేడమో, ఏ అమ్మమ్మో నేర్పించిందో ఈ పిల్లకి. పెర్సిస్‌కి నవ్వొచ్చేసింది, ఆపుకోలేకపోయింది. షారోన్ తలెత్తి ఆ నవ్వు చూసింది, మొహం తేటపడింది, ప్రాణం కుదుటపడినదానిలా మళ్ళీ వంగి రాయడం మొదలెట్టింది. ఈసారి గొంతు ఇంకొంచెం పైకి వచ్చింది.

నవ్వకుండా ఉండాల్సింది అనుకుంటూ గుమ్మం దాకా నడిచింది. దివ్యకి ప్రీ ఫైనల్స్‌లో ఇదే జరిగింది. లెక్కల మాస్టారు బెంచీ మీద చరిచి "నోరు మూసుకుని రాయి" అన్నారు, పిల్ల నోరు మూసుకుంది, మూసుకున్న నోటితో పాటు చెయ్యీ మూసుకుపోయింది, తెల్ల కాగితం ఇచ్చేసి వచ్చింది. అప్పుడు గానీ పెర్సిస్‌కి తెలివి రాలేదు. లోపల పాడుకోవే అంది. "లోపల పాడితే వినపడదుగదండి మేడమ్" అంది దివ్య. నిజమే మరి. అయితే నోట్లో నీళ్ళు పోసుకుని రాయమంది పెర్సిస్, పుక్కిట నీళ్ళుంటే పెదాలు కదలవు కదా అని. స్టాఫ్‌రూములో బల్ల దగ్గర కూర్చోబెట్టి రోజూ సాయంత్రం అదే పని. బుగ్గలు పొంగించుకుని ఆ పిల్ల రాయడానికి కూర్చునేది, రెండు వాక్యాలకి మింగేసేది, మళ్ళీ పోసుకునేది, ఒకసారి నవ్వొచ్చి నీళ్ళన్నీ పేపరు మీద చిమ్మేసింది. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. చివరికి పెర్సిస్, ఏమీ కాదులే, చిన్నగా కదుపుకో, ఎవరూ ఏమీ అనరు అంది. ఆ ఒక్క మాట నమ్ముకుని ఆ పిల్ల ఇవాళ కైకలూరు బస్సెక్కింది. ఎవరూ ఏమీ అనరట! అనడానికేగా ఇంతమందిని గదికొకరు చొప్పున నిలబెట్టింది.

రైలు వెళ్ళింది. కిటికీ ఊచలు కాసేపు గడగడలాడాయి, ఆ చప్పుడులో షారోన్ గొంతు మునిగింది, రైలు వెళ్ళిపోయాక తేలింది. ఇంకో పాట కాబోలు. పెర్సిస్‌కి నెల్సన్ మాస్టారు గుర్తొచ్చారు. పోయినేడాది పరీక్షల్లో ఆయన డ్యూటీ చేసిన గదిలో ఏదో గొడవైంది, తప్పు ఆయనది కాదని చిన్నపిల్లాడికి కూడా తెలుసు, అయినా సస్పెన్షన్. గుళ్ళో ఎప్పుడూ ముందు కూర్చుని వాక్యం చదివే మనిషి, ఇప్పుడు చివరి బల్ల మీద చెప్పుల దగ్గర కూర్చుంటున్నాడు, ఆరాధన అవుతూనే ఎవరికీ చెయ్యి అందించకుండా వెళ్ళిపోతాడు. ఆయన భార్య స్త్రీల సమాజానికి రావడం మానేసింది. పలకరించాలని ప్రతి ఆదివారం అనుకుంటుంది పెర్సిస్, ప్రతి ఆదివారం ఏదో ఒకటి అడ్డం వస్తుంది. ఏమీ అడ్డం రాదు, ఆ దురదృష్టం తనకి అంటుకుంటుందేమోనని భయం, అంతే. ఈ పిల్లని ఇంకోసారి హెచ్చరించాలి, గట్టిగా చెప్పాలి. గట్టిగా చెబితే ఆగిపోతుంది, పాట ఆగితే చెయ్యి ఆగిపోతుంది, దివ్య తెల్ల కాగితం ఇచ్చినట్టే ఇస్తుంది. చెప్పకపోతే? చెప్పాలా, వద్దా? కైకలూరులో ఆ మనిషెవరో కూడా ఇప్పుడు ఇలాగే గుమ్మం దగ్గర నిలబడి నా పిల్లని చూస్తూ ఉందా? అమ్మా, నువ్వెవరో గానీ ఊరుకో తల్లీ, నీకు పుణ్యముంటుంది, దాన్ని పాడుకోనీ, ఇంకాసేపట్లో అయిపోతుంది, ఊరుకో.

వరండాలో బూట్ల చప్పుడు. స్క్వాడ్. పెర్సిస్ లేచి నిలబడలేదు, నిలబడే ఉంది కాబట్టి, కానీ ఒంట్లో ఏదో లేచి నిలబడింది. పాండురంగారావు గారని ఆ ఆఫీసరు పేరు పొద్దున ఎవరో చెప్పుకుంటుంటే వింది, చండశాసనుడని కూడా అన్నారు. ఆయన గుమ్మంలో ఆగి, గదంతా ఒకసారి కలయజూసి, నేరుగా మూడో బెంచీ వైపు చూశారు. ఇస్త్రీ చొక్కా కుర్రాడు కూడా అటే చూస్తున్నాడు. షారోన్ ఆయన్ని చూడలేదు, తల పక్కకి వాల్చి, వేలితో తాళం వేస్తూ, ఏ చరణంలో ఉందో అక్కడే ఉంది. "ఏంటి మేడమ్, ఆ అమ్మాయి నోరు ఆడుతోంది?" అన్నారు ఆయన. నడిచి వెళ్ళి ఆ పిల్ల పేపరు తీసుకున్నారు, వెనక బెంచీ పిల్లదీ తీసుకున్నారు, రెండూ పక్కపక్కన పెట్టి చదివారు. గుండె ప్రశ్న దగ్గర రెండింట్లోనూ ఒకటే వాక్యం, కామాతో సహా. ఒకే స్కూలు, ఒకే గైడు, పొల్లు పోకుండా బట్టీ పట్టమన్నది మనమే కదండీ, అది ఎవరికి తెలీదు? షారోన్ లేచి నిలబడింది. "నేనెవరికీ చెప్పట్లేదండి సార్. నాకు నేనే చెప్పుకుంటన్నానండి" అంది, అని పెర్సిస్ వైపు చూసింది. "మీరు గమనించలేదా మేడమ్?" అన్నారు పాండురంగారావు గారు, మర్యాదగానే.

మాట నోట్లోనే ఉంది. అది గుర్తు తెచ్చుకుంటోందండీ, కొందరు పిల్లలకి పెదాలు కదిలితేనే వస్తుందండీ, దాని మాట ఎవరికీ వినపడటం లేదు, నేను చూస్తూనే ఉన్నాను. ఇంతే. ఈ రాష్ట్రంలో ఈ మాట చెప్పగలిగిన మనిషెవరైనా ఉంటే అది తనే. ఇంత పొడుగు మాట నోటి చివరిదాకా వచ్చి నిలబడింది, నెల్సన్ మాస్టారి చివరి బల్ల కనిపించింది, ఆయన పక్కన ఖాళీ కనిపించింది. "రెండుసార్లు చెప్పానండి సార్. వినట్లేదండి" అంది పెర్సిస్. తన గొంతే, స్పష్టంగా, వినయంగా. ఒక్కసారే చెప్పింది, అదీ నవ్వుతూ చెప్పింది, రెండుసార్లని ఎందుకంది? ఆయన తలూపారు. వెనక పిల్ల వెక్కుతుంటే, "విన్నవాళ్ళని వదిలేద్దాం లెండి, చెప్పేవాళ్ళని పట్టుకోవాలి" అని ఆ పేపరు ఉదారంగా తిరిగి ఇచ్చేశారు. షారోన్ జేబులూ అట్టా జ్యామెట్రీ బాక్సూ వెతికించారు, ఏమీ దొరకలేదు, దొరక్కపోవడం వల్ల ఏమీ తేడా రాలేదు. ఇక మిగిలిన పరీక్షలు కూడా రాయడానికి లేదన్నారు. ఆ పిల్ల ఏడవలేదు. పెన్నుకి మూత పెట్టుకుంది, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర పెర్సిస్ మొహంలోకి ఒకసారి చూసింది, ఇందాకటి నవ్వు ఎక్కడికి పోయిందా అన్నట్టు. కాగితం మీద సంతకం చెయ్యమంటే పెర్సిస్ చేసింది.

ఆ తరవాత గదిలో పెన్నుల చప్పుడు తప్ప ఏమీ లేదు. పిల్లలందరూ పెదాలు బిగించుకుని రాస్తున్నారు, మంచినీళ్ళు అడగడానికి కూడా ఎవరూ నోరు తెరవలేదు. ఇస్త్రీ చొక్కా కుర్రాడు ఒకటి రెండుసార్లు ఆ ఖాళీ చోటు వైపు చూశాడు, వాడి డయాగ్రమ్ పూర్తయిందో లేదో పెర్సిస్ చూడలేదు. ఇప్పుడు దివ్య కూడా అయిపోయి ఉంటుంది, అనుకుంది. అక్కడ కూడా ఎవరో ఒకావిడ, తనలాంటిదే, రెండుసార్లు చెప్పానండి అని ఉంటుంది, నాలాగే పొట్టకూటి మనిషి, ఆవిణ్ణి ఏమని తిడతాను? సోమరాజుకి ఏమని చెప్పాలి? సుబ్బాయమ్మకి, నీ పాటే దాన్ని పట్టించిందని ఎలా చెప్పాలి? ఆ వ్యాను తెల్లారకముందే వస్తుంది, నేను ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నప్పుడు దివ్య దాన్ని ఎక్కుతుంది, రేపటి నుంచి రోజూ. నడుస్తోంది, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. బెల్లు కొట్టారు. కాగితాలు తీసుకుంది, వరసలో పేర్చింది, అప్పగించింది, అందరితో పాటు వెళ్ళి అట్టపెట్టెలోంచి ఫోను తీసుకుంది.

గేటు దాటకముందే మోగింది. సోమరాజు నంబరు. ఎత్తకుండా ఉండాలనిపించింది, ఎత్తింది. "మేడమ్!" అని అరుపు, దివ్యది. వెనక బస్సు హారన్లు, పిల్లల గోల. "మేడమ్, మొత్తం రాసేశానండి! గుండె వచ్చేసిందండి, ఒక్క ముక్క కూడా పోలేదండి!" పెర్సిస్ గేటు పట్టుకుని నిలబడింది. ప్రభువా, అనుకుంది, స్తోత్రం, స్తోత్రం. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరూ ఏమీ అనలేదా అంది. "ఎందుకనలేదండి! స్క్వాడొచ్చారండి. ఈ పిల్లేంటి గొణుగుతంది అని నా దగ్గరికొచ్చేశారండి. నా పనైపోయిందనుకున్నానండి మేడమ్. మా గదిలో మేడమ్ గబగబా వచ్చి నాకు అడ్డంగా నిలబడిపోయారండి. గుర్తు తెచ్చుకుంటందండి, దాని మాట ఎవరికీ వినపడట్లేదు, నేను చూస్తానే ఉన్నాను, కావాలంటే నా పేరు రాసుకోండి అన్నారండి. ఆయన రాసుకున్నారు కూడానండి." పెర్సిస్ ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. "ఆవిడ పేరేంటమ్మా?" అంది.

"అడగడం మర్చిపోయానండి" అంది దివ్య. "ఎవరో గానీ, అచ్చం మీలాంటావిడేనండి మేడమ్."